ఒక్క గడ్డ మిగిలినా

"పైన ఆకు పీకితే అయితదా? కింద గడ్డ రావాలె!" గట్టు మీద నిలబడి జంగయ్య అరిచాడు.

పెద్ద అంబర్‌పేట్‌లో ఇంటి వెనక మిగిలిన ఒక్క ఎకరంలో వంగతోట వేశాడు. వానలు పడ్డాక తుంగ లేచి మొక్కలను మింగేస్తోంది. కొడుకు మహేష్, కూతురు జ్యోతిక ఒకే సాలుకు చెరో పక్క కూర్చుని కుర్పీలతో తవ్వుతున్నారు. గడ్డలు వేయడానికి మధ్యలో ఒక్కటే గంప.

అన్న ఉండేది ఎల్బీ నగర్, చెల్లెలిది దిల్‌సుఖ్‌నగర్. మెట్రో ఎక్కితే మూడో స్టేషన్. ప్లాటు పంపకం దగ్గర మాటా మాటా పెరిగి ఏడాదిగా పలకరింపుల్లేవు. దసరాకు ఒకరు వచ్చారని తెలిసి ఇంకొకరు గడప తొక్కలేదు. తుంగ పుణ్యమా అని ఇద్దరూ ఒకచోట కూర్చోవడం ఇది నాలుగో ఆదివారం. తల్లి అరుణమ్మకు అదే ఆశ, అదే దిగులు. కాలు ఒకచోట నిలవక, నీళ్ల చెంబు పట్టుకుని సాళ్ల వెంట తిరుగుతూనే ఉంది.

"ముప్పై ఏండ్లు ఎండాకాలం దున్ని తుంగను ఎండబెట్టి చంపిన మనిషివి," అని భర్త మీద సణిగింది. "ఈసారి వాన పడ్డంక పచ్చి దుక్కిల రొటావేటర్ ఎందుకు కొట్టించినవ్? ముక్కలై చేనంత పాకె."

"నా గాచారం."

"పోనీ, అడ్డా మీదికెళ్లి కూలోళ్లను తెస్తే ఒక్కరోజుల ఒడిసిపోతది గదా."

"వాళ్లు పైపైన గీకి పోతరు. ఒక్క గడ్డ మిగిలినా నెలల వందైతది."

ఈయనకు తుంగ పిచ్చి పట్టిందనుకుంది అరుణమ్మ. పిల్లలు ఎడమొహం పెడమొహంగా ఉంటే, ఇదేందిరా అని ఒక్క మాట అడగడే!

ఎండ నెత్తికెక్కింది.

"నీ దిక్కు గడ్డ ఇడిసిపెట్టినవ్," అన్నాడు మహేష్, వంగ మొక్కతో చెప్పినట్టు.

"అది నీ దిక్కుది," అంది జ్యోతిక.

"చిన్నప్పటి సంది గింతే. నీ పని నా మీదికి తోసుడే."

జ్యోతిక తల వంచుకుంది గానీ నవ్వు దాగలేదు. అరుణమ్మ నీళ్ల చెంబు తెచ్చి ఇద్దరి మధ్యన, గంప పక్కనే పెట్టింది.

పొద్దు వాలేసరికి చేను అద్దంలా అయింది.

"ఇగ వచ్చే ఆదివారం మాతోని పని లేదు గదా నాయినా?" అంటూ మహేష్ బండి తీశాడు. జ్యోతిక అప్పటికే బస్సు కోసం రోడ్డు వైపు నడుస్తోంది. బండి ఆమె పక్కన ఆగినట్టే ఆగి, ముందుకు వెళ్లిపోయింది.

"చూసినవా?" అరుణమ్మకు ఏడుపొచ్చింది. "ఇంకో రెండు వారాలైతే ఎక్కించుకునేటోడు. మళ్ల ఎప్పుడు కలుస్తరు వీళ్లు?"

"చేను సాఫైంది, నాకు గదే చాలు. గంప గట్టు మీదనే ఉండనీ, గడ్డలు నేను కాలబెడత."

"నువ్వు, నీ చేను!"

కొంగుతో కళ్లు తుడుచుకుని ఆమె విసురుగా ఇంట్లోకి వెళ్లిపోయింది.

జంగయ్య గంప ఎత్తుకొచ్చి, ఒక్కో గడ్డనూ మళ్లీ సాళ్లలో పాతసాగాడు.