మర్యాద పత్రం

"మా ధర్మంలో తాళి కట్టేదే ఉండాది దొరా, విప్పేది లేదు!"

రాఘవన్ శెట్టి గొంతు పుదుచ్చేరి కోర్టు హాలంతా మోగింది. దుబాసి ఆ మాటను ఫ్రెంచిలోకి మార్చి జడ్జి దొరకు వినిపించాడు. మగడి వెనకాల నిలబడ్డ మంగళ మెడలోని తాళిని గట్టిగా పట్టుకుంది.

పట్టుకోదా మరి! కేసు వేసింది రాఘవన్ మొదటి పెళ్ళాం అంబుజం. పదిహేనేళ్ళు కాపురం చేసి, కడుపు పండలేదన్న నేరానికి ముదలియార్‌పేటలోని పుట్టింటికి చేరిన మనిషి. తను బతికుండగా జరిగిన రెండో పెళ్ళి చెల్లదని తీర్పు ఇమ్మంటోంది. ఆమె గెలిస్తే పద్దెనిమిదేళ్ళ మంగళ ముత్తైదువా కాదు, విధవా కాదు. అలాంటిదాన్ని ఏమని పిలవాలో వాళ్ళ వీధిలో ఎవరికీ తెలీదు.

"పాపం, పసిది" అని వీధి వీధంతా జాలిపడింది.

రాఘవన్‌ది బజారులో పెద్ద జవుళి కొట్టు. మహా నిష్ఠాపరుడు. నలభై రెండేళ్ళవాడు. కొట్టుకు పోతూ పోతూ ఇంటి తలుపుకు బయటినుంచి బీగం వేసుకుపోతాడు. "బంగారాన్ని పెట్టెలో పెట్టి బీగం వేసుకోరా ఏంది?" అనేది అత్త కమలమ్మాళ్. కోడలు కన్యాస్త్రీల బడిలో లేసు అల్లడం నేర్చుకుందని నలుగురికీ గొప్పగా చెప్పుకునేది కూడా. రెండేళ్ళలో మంగళ అల్లిన లేసు ఇంట్లో కిటికీలన్నిటికీ సరిపోయింది. ఆ కిటికీల్లోంచే ఆమె వీధిని చూసేది.

ఫ్రెంచి దొరల రాజ్యంలో ఒక తమాషా ఉంది. హిందువుల ఇంటి గొడవను హిందువుల శాస్త్రం ప్రకారమే తీర్చాలి. శాస్త్రం ఏమంటుందో కులపెద్ద వచ్చి చెప్పాలి. అంటే ధర్మం పెద్దాయనది, తీర్పు దొరది.

కులపెద్ద వరదరాజన్ శెట్టి లేచి గొంతు సవరించుకున్నాడు. "సంతు లేకపోతే ఇంకొకతెను చేసుకోవచ్చు. శాస్త్రం ఒప్పుతాది. రెండో తాళీ తాళే. చచ్చేదాకా ఆ పిల్ల ఈయన పెళ్ళామే."

మంగళ పక్కనున్న గోడ పట్టుకుంది.

అంబుజం ఊరుకోలేదు. "శాస్త్రం అడిగేదీ మగోళ్ళనే, చెప్పేదీ మగోళ్ళే. మమ్మల్ని ఒక్క మాట అడిగినారా పెదనాయనా?"

"నిన్ను అడిగి రాసినారా తల్లీ శాస్త్రం?" అన్నాడు పెద్దాయన. హాల్లో జనం గొల్లుమన్నారు.

జడ్జి దొర కలం అందుకున్నాడు. అంబుజం వకీలు అప్పటికే కాగితాలు సర్దుకుంటున్నాడు. ఇక అయిపోయినట్టే. మంగళ కన్యకాపరమేశ్వరికి మనసులోనే దండం పెట్టుకుని, మగడి ఉత్తరీయం అంచు మెల్లగా లాగింది.

"ఏమండీ, ఆ పత్రం..."

"అవు కదా, మరిచేపోయినా!"

రాఘవన్ పట్టుగుడ్డలో చుట్టిన కాగితం ఒకటి బయటికి తీశాడు. వాళ్ళ నాన్న పోయేముందు ఇంటికి తెచ్చిన మర్యాద పత్రం అది. పైన దొరతనం ముద్ర, కింద నాన్న సంతకం. ముప్పయ్యేళ్ళుగా పూజగదిలో ఉంది. ఏటా ఆయుధపూజకు గజంబద్దతోపాటు దానికీ పసుపూ కుంకుమా. రాఘవన్‌కు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. అయినా దేవుడి గూట్లో ఉన్నదానికి మొక్కాలి గానీ, చదివేదేముంది? "మామగారి గొప్ప చూస్తే దొర ఇంకా మెత్తబడతాడు, తీసుకుపోండి" అని పొద్దున గుర్తుచేసింది మంగళే. ఇల్లాలంటే ఇట్లా ఉండాలని అత్త మురిసిపోయింది.

"మా నాయనకు దొరతనం ఇచ్చిన మర్యాద!" రాఘవన్ రొమ్ము విరుచుకుని కాగితం అందించాడు.

జడ్జి చదివాడు. మళ్ళీ చదివాడు. దుబాసి చేతికిచ్చాడు. దుబాసి ముఖం పాలిపోయింది.

"శెట్టిగారూ, ఇది మర్యాద పత్రం కాదు. 'నేనూ, నా భార్యా, మైనరు బిడ్డలూ మా శాస్త్రపు చట్టం వదులుకుని, ఇకమీదట ఫ్రెంచి చట్టానికి లోబడి ఉంటాం' అని 1882లో మీ నాయన రాసిచ్చిన పత్రం. ఒకసారి రాసిస్తే వెనక్కి తీసుకునేది లేదు. అప్పుడు మీకెన్నేళ్ళు?"

"పన్నెండు" అన్నాడు రాఘవన్. ఆ మాట ముందు వరసకు కూడా సరిగా వినపడలేదు.

"అట్లా రాసిస్తే దొరలతో సమానంగా ఓటు వస్తాదని ఆ కాలంలో శానామంది రాసిచ్చినారు. మీ నాయన కూడానా!" వరదరాజన్ శెట్టి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

తీర్పు రెండే ముక్కలు. ఫ్రెంచి చట్టంలో మగవాడికి ఒకతే భార్య, రెండో పెళ్ళి చెల్లదు. మంగళ ఎవరి భార్యా కాదు, తన పుట్టింటికి పోవచ్చు.

"గూట్లో పెట్టి మొక్కిందే కొంప ముంచిందే!" జనంలో కూర్చున్న కమలమ్మాళ్ గుండెలు బాదుకుంది.

మంగళ నేలమీద కూలబడి, లేసు రుమాలులో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంబుజం మనసు చివుక్కుమంది. దగ్గరికొచ్చి తలమీద చెయ్యి వేసింది. "నిన్ను వీధిలో పడేయాలని కాదే చెల్లీ, నేను కేసు వేసింది..."

కన్యాస్త్రీల బడిలో లేసుతోపాటు మూడేళ్ళు ఫ్రెంచి కూడా నేర్చుకున్న మంగళ, కిందటి ఆయుధపూజనాడు ఆ కాగితానికి బొట్టు పెడుతూ పెడుతూనే దాన్ని చివరి అక్షరందాకా చదివేసింది.