రెండు గీతల వైరు

"నువ్వెందుకు అక్కడికి? ఊడ్చేవాళ్ళు వాళ్ళకి వేరే ఉన్నారు," అన్నాడు మాస్టారు, షర్టు గుండీలు పెట్టుకుంటూ.

భార్య చంటిదాన్ని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "సౌండు మిక్సర్ దగ్గర కూర్చుంటానండీ. రోజూ కూర్చునేదాన్నేగా."

"రోజూ కూర్చునేది పార్టీ హాల్లో. ఇది పెద్ద నాటకాల థియేటరు. చదువుకున్న సౌండు ఇంజనీరున్నాడు వాళ్ళకి. ఏడో క్లాసు తప్పినదాన్ని వెంటేసుకెళ్తే నా మొహాన నవ్వుతారు."

"తప్పలేదండీ. మానిపించారు."

"ఏదైతేనేం."

ఇవాళ వాయించి మెప్పిస్తే ఆ థియేటర్లో కీబోర్డు మాస్టారుగా పర్మనెంటు ఉద్యోగం. ఏటా పదకొండు నెలలు పని. పార్టీ దొరికితే పొయ్యి వెలిగే ఈ బతుకు ఇక అక్కర్లేదు. కీబోర్డు వాళ్ళదే. పెడల్ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

ఆ పెడల్ అంటే మాస్టారికి ప్రాణం. పాదం పట్టేంత నల్లటి పలక. ముందుకు తొక్కితే సౌండు పొంగుతుంది, మడమ మీదికి వాలిస్తే అణుగుతుంది. "వేళ్ళు ఎవడికైనా ఆడతాయి. ప్రాణం పోసేది పాదం," అనేవాడు. ఇంట్లో కూర్చుని సాధన చేసేవాళ్ళంటే ఆయనకి మహా చులకన. వయొలిన్ వాళ్ళు గీకుతారు, డ్రమ్ముల వాళ్ళు బాదుతారు, సంగీతం తెలిసింది తనకొక్కడికే.

రెండేళ్ళ కిందట పెడల్ కొన్న రోజున, దాంతో వచ్చిన కాగితం ముందేసుకుని భార్య చాలాసేపు బొమ్మలు చూసింది.

"ఏవండీ, దీనికి పిన్ను మీద రెండు నల్ల గీతలుండే వైరు పెట్టాలట. ఒక్క గీత వైరు బొమ్మ మీద ఇంటూ కొట్టారు చూడండి."

"బొమ్మలు చూసి నాకు పాఠాలు చెప్తావా? ఇది గిటారు వైరు. లావుపాటిది, ఒరిజినల్. నా చేతికి తెలీదా?"

ఆ గిటారు వైరే పెట్టాడు. ఆ సాయంత్రం పార్టీ హాల్లో ఆయన మడమ వాలితే పాట గుసగుసలాడింది. ముందుకు తొక్కితే పైకప్పు దాకా వెళ్ళింది. జనం తినడం ఆపి చప్పట్లు కొట్టారు.

"చూశావా? ఒక్క గీతతో పలికిందా లేదా?" అన్నాడు, భార్య చెవి దగ్గరికొచ్చి మరీ.

"పలికిందండీ," అంది.

అంతే. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. ఆయన మాత్రం, ఇంటికి ఎవరొచ్చినా టీ గ్లాసు కిందపెట్టేలోపే ఆ కథ చెప్పి నవ్వించేవాడు.

డ్రమ్ములు వాయించే బావమరిది ఓసారి అడిగేశాడు. "బావా, స్టేజీ మీద మనం ఇంతమందిమి ఉంటే అక్క నీ పాదం వంకే చూస్తుందేంటి?"

"మొగుడి పాదాలు కదరా. చూసుకోనీ, పుణ్యం."

చంటిది పుట్టాక ఆయనకి చిరాకు ఎక్కువైంది. ఒక రోజు పాట మధ్యలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఈవిడ పిల్లని చంకలో ఇరికించుకుని, రెండో చెయ్యి మిక్సర్ మీట మీంచి తియ్యకుండా, కళ్ళు అటూ ఇటూ తిప్పకుండా అలాగే కూర్చుంది. పాట అయ్యేదాకా లేవలేదు.

"రాయివే నువ్వు! కన్నతల్లివేనా?" అని కడిగేశాడు ఇంటికొచ్చాక. ఆమె పిల్లకి పాలు పడుతూ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు గడప దగ్గర సంచీ సర్దుతుంటే పక్క జేబులో ఏదో ఎత్తుగా తగిలింది. తీసి చూశాడు. కొత్త వైరు. పిన్ను మీద రెండు నల్ల గీతలు.

"మళ్ళీ మొదలెట్టావా?"

"ఇవాళొక్కరోజు ఇది పెట్టండి. మీకు దండం పెడతా. పోనీ నన్నైనా రానివ్వండి."

"అసలు నీ ఏడుపేంటి? నాకు ఉద్యోగం రాకూడదనా?" వైరు మంచం మీదికి విసిరేసి వెళ్ళిపోయాడు.

థియేటర్లో ముందు వరసలో మేనేజరమ్మ కూర్చుంది. వెనక, మిక్సర్ దగ్గర కళ్ళజోడు ఇంజనీరు. ఆయన ఒక లెవెల్ పెట్టి, చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు.

మాస్టారు తనకి బాగా పేరు తెచ్చిన పాటే ఎత్తుకున్నాడు. ఊపిరంత సన్నగా మొదలవ్వాల్సిన పాట. మడమ పూర్తిగా వాల్చి మొదటి స్వరం నొక్కాడు.

లారీ హారన్‌లా మోగింది.

మేనేజరమ్మ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. మాస్టారు మడమ ఇంకా అదిమాడు. అదే మోత. ముందుకు తొక్కాడు. అదే మోత. పాట మొదట్నుంచి చివరిదాకా ఒకే అరుపు.

"ఆపండి," అంది మేనేజరమ్మ. "కిందటి నెల పార్టీలో నేను విన్నది మిమ్మల్నేనా?"

మాస్టారు మొహం జేవురించింది. గిరుక్కున ఇంజనీరు వైపు తిరిగాడు. "మీ మిక్సర్ తగలెయ్యా! పెద్ద చదువులు చదివి ఏం లాభమండీ? మా ఇంట్లో ఏడో క్లాసుది కూర్చున్నా మీకంటే నయం!"

ఇంజనీరు స్టేజీ ఎక్కి, మోకాళ్ళ మీద వంగి, పెడల్ వెనక పిన్ను ఊడదీసి, లైటు కింద పెట్టి చూశాడు. చూసి, మాస్టారి పాదం వంకా ఒకసారి చూశాడు.

"దీనికి ఒక్క గీతే ఉంది మాస్టారూ, ఈ వైరుతో మీ పెడల్ ఏనాడూ పనిచేసి ఉండదు, మరి ఇన్నాళ్ళూ మీ కాలు చూసుకుంటూ సౌండు ఎత్తిందీ దించిందీ ఎవరు?"