మెచ్చుకోని న్యాపీ

చూసి ఎంచుకోమని షాపువాళ్ళు ఇంటికి పంపిన న్యాపీలన్నిటికీ నోరుంది. తడిస్తే చెబుతాయి, జ్వరం రాకముందే హెచ్చరిస్తాయి, స్నానానికి నీళ్ళెంత కాగాలో గీజరుతో అవే మాట్లాడుకుంటాయి. కానీ ఒకదాన్ని కట్టగానే అది "బ్రహ్మాండం! పాప బరువు భేష్!" అని అరిచేసరికి అమ్మమ్మ హారిక గబుక్కున దాన్ని చేత్తో మూసింది. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలు ఆసుపత్రి నుంచి నిన్ననే ఇల్లు చేరింది.

"మెచ్చుకోని న్యాపీ ఒక్కటీ లేదా ఏంటే?" అంది కూతురితో.

"నువ్వు నేర్పితే నేర్చుకుంటుందమ్మా."

హారిక ఆ న్యాపీకే చెప్పింది. "బాగుంటే బాగుందనకు, దిష్టి తగులుతుంది. బాగోకపోతే మాత్రం నా దగ్గర దాచకు."

నెల తిరిగేసరికి పిల్ల బుగ్గలు పూరీల్లా పొంగాయి. ఓ పొద్దున సున్నిపిండితో ఒళ్ళు రుద్ది, నీళ్ళు పోసి, న్యాపీ కట్టిందో లేదో, పక్కింటావిడ వచ్చి "అబ్బ, ఎంత బొద్దుగా ఉందో!" అంది.

న్యాపీ నిట్టూర్చింది. "ఏం బొద్దులెండి పిన్నిగారూ, రాత్రంతా ఏడుపే. పాలు తాగడమే గగనం."

అంతా అబద్ధం. అబద్ధమాడటం హారిక దానికి నేర్పనేలేదు.

పక్కింటావిడ అటు వెళ్ళగానే గుప్పెడు ఉప్పు తెచ్చి మనవరాలికి దిష్టి తీసింది. సాయంత్రం న్యాపీని ఉతికి దండెం మీద ఆరేశాక, ఎవరూ చూడకుండా దానికీ తీసింది.