చల్లటి లోపం

"నువ్వు కట్టిన మునిసిపల్ ఆఫీసులో పెద్ద లోపముంది, వెంటనే బయల్దేరి రా" అని మేయరు స్ట్రాతిస్ ఫోన్ చేస్తే, ఆర్కిటెక్టు ఎవాంథియా అప్పటికప్పుడు పెట్టె సర్దుకుంది. తెల్లారి పడవకే మా దీవికొచ్చింది.

బయట ఆగస్టు ఎండ. ఆఫీసు లోపల ఏసీ లేదు. ఉత్తరపు గోడ కంతల్లోంచి ఏజియన్ సముద్రపు గాలి దూరి, వాననీటి తొట్టి మీదుగా చల్లగా వీస్తోంది. ముసలాళ్లు పాచికలాడుతున్నారు. ఆడవాళ్లు చిక్కుళ్లు ఒలుస్తున్నారు.

"అంతా బాగానే ఉందిగా బాబాయ్. లోపమెక్కడ?"

"పనైపోయినా ఒక్కరూ కదలరమ్మా. కాస్త ఉక్కపోసేట్టు మార్చు."

"జనానికి హాయిగా ఉండాలని నా ప్రాణం తీసింది మీరేగా."

స్ట్రాతిస్ కిటికీలోంచి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టు చూపించాడు. కుర్చీలన్నీ ఖాళీ.

"మేయరు పదవి మూణ్ణాళ్ల ముచ్చట. తర్వాత నేను బతకాల్సింది ఆ కొట్టు మీదే."