నల్ల అట్ట పుస్తకం

"ఏ చిన్న మార్పు కనబడినా ఇందులో రాయాలి" అంటూ డాక్టరమ్మ నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి బల్ల మీద పెట్టింది.

కొడుకు చెయ్యి చాపాడు. వాడి చెయ్యి చేరేలోపే పుస్తకం తల్లి సంచిలోకి వెళ్లిపోయింది.

పదిహేనేళ్లుగా ఆ గదిలో జరుగుతున్నదే అది. వాడి ఎనిమిదో ఏట నుంచీ కుడి భుజం దానంతటదే ఎగురుతుంది. కళ్లు టపటపలాడతాయి. నరాల వల్ల వచ్చిందని అప్పట్లోనే చెప్పారు. ఏ రోజు ఎన్నిసార్లు ఎగిరిందో తల్లి ఏ పూటకాపూట రాసిపెట్టేది. అలాంటి పుస్తకాలు ఇంట్లో బీరువా కింది అర నిండా ఉన్నాయి.

"ఇది దిగులు తగ్గించే మాత్ర. మంచిదే" అంది డాక్టరమ్మ. "కాకపోతే ఇలా మనసుకీ మెదడుకీ కలిపి ఇబ్బంది ఉన్నవాళ్లలో కొందరికి మొదట్లో నడవడి మారుతుంది. నిద్ర తగ్గుతుంది. ఒకచోట కుదురుండదు. మాటలు ఎక్కువవుతాయి. ఉన్నట్టుండి కోపం. అతిగా అనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి. మీ అంతట మీరు ఆపేయొద్దు."

తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ప్రాణం మీదికేం రాదుగా?"

"రాదమ్మా."

"పోనీ, పిచ్చెక్కదుగా?"

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"నువ్వుండరా. మరి వీడి ఉద్యోగం సంగతేంటి డాక్టరమ్మా?"

అసలు బెంగంతా అక్కడే ఉంది. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని వాడిది. అద్దం చేతిలో ఉన్నంతసేపూ ఆ భుజం బుద్ధిగా కూర్చుంటుంది. రైల్లో నాలుగు గంటల దూరాన కొత్త దుకాణం తెరుస్తూ, అక్కడి పనంతా నువ్వే చూసుకోవాలన్నాడు యజమాని. నెలాఖరుకి చేరాలి. లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాడు.

"మూడు వారాలు చూద్దాం. మాత్ర పడిందంటే నిశ్చింతగా వెళ్లొచ్చు" అంది డాక్టరమ్మ.

మర్నాడు కాఫీలు కాగానే మాత్ర, మంచినీళ్లు బల్ల మీదికి వచ్చాయి. మాత్ర లోపలికి వెళ్లింది. కొడుకు గడియారం చూశాడు. తల్లి కొడుకుని చూసింది. పుస్తకం తెరుచుకుంది.

మూడో రోజు: "నాలుగింటికే లేచి కూర్చున్నాడు. కళ్లు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు. ఏమైందిరా అంటే ఏం లేదంటాడు."

ఆ తెల్లవారుజామునే బీరువా తలుపు పక్క నుంచి కిటికీ పక్కకు మారింది. కింది వాటా టైలరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏంటి వదినా, ఇంకా తెల్లారనే లేదు, సామానంతా ఊరేగిస్తున్నారా?"

"కొత్త మాత్ర వదినా" అని తల్లి గొంతు తగ్గించింది. "ఇంట్లో ఒక్కరికీ నిద్ర లేదు."

"అయ్యో! నా కుట్టుమిషన్ కింద ఉండబట్టి బతికిపోయింది గానీ, పైనుంటే అదీ ఊరేగేది."

ఐదో రోజు: "కుదురు బొత్తిగా లేదు. నేను వంటింట్లోకెళ్తే వంటింట్లోకి, మేడ మీదికెళ్తే మేడ మీదికి. ఇవాళ్టికి ఇరవై మూడుసార్లు."

ఏడో రోజు: "నా మాటకు అడ్డొచ్చాడు. కాస్త నన్నూ మాట్లాడనియ్యమ్మా అని విసుక్కున్నాడు. నోట్లో వేలు పెడితే కొరకనివాడు!"

ఇక ఆమె వల్ల కాలేదు. అంబులెన్సు నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాసి, డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"మీరు చెప్పినవన్నీ వరసపెట్టి వచ్చేశాయి డాక్టరమ్మా. నిద్ర పోయింది. కుదురు పోయింది. కోపం కూడా వచ్చేసింది. ఇంకేం మిగల్లేదు, నేను పోవడం తప్ప."

"ఎవరూ పోరు" అంది డాక్టరమ్మ. "రేపటి నుంచి సగం మాత్ర చాలు. కంగారు పడకుండా రాస్తూ ఉండండి."

పన్నెండో రోజు: "నేను ఆరున్నరకు లేచేసరికి ఇంకా గుర్రు పెడుతున్నాడు."

పదిహేనో రోజు: "బయటికి వెళ్తూ తాళం వేశాక, మెట్ల మీద ఆగి, గ్యాస్ కట్టేశామో లేదో ఇవాళ మళ్లీ చూడవా అన్నాడు. ఇదొక కొత్త అనుమానం మొదలైంది."

పద్దెనిమిదో రోజు: "లోపల నేనేదో కూనిరాగం తీస్తుంటే, స్నానాల గది బయట నిలబడి తనలో తనే నవ్వుకుంటున్నాడు."

తర్వాత మూడు పేజీలు ఖాళీ.

మూడు వారాలకు డాక్టరమ్మ ఆ పుస్తకం మొదటి నుంచీ చదివింది. ఐదో రోజు దగ్గర పెదవి బిగబట్టింది. స్నానాల గది దగ్గరకొచ్చేసరికి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. నవ్వు ఆగితేగా!

"మీకు నవ్వెలా వస్తోందమ్మా?" అంది తల్లి. "ఆ ఖాళీ పేజీలు చూశారా? రాయడం మరిచిపోయాను. ఈ పదిహేనేళ్లలో ఒక్కపూటైనా మరిచిపోయానా?"

"లేదు. అందుకే నాకు సంతోషం."

"అంటే మాత్ర పడినట్టేనా?"

"పడింది. ఈ సగమే వాడదాం."

"మరి ఉద్యోగం?"

"ఎల్లుండే రైలెక్కమనండి."

కొడుకు భుజం ఒక్కసారి ఎగిరింది. తల్లి చూసింది గానీ పుస్తకం అడగలేదు.

డాక్టరమ్మే ఆ నల్ల అట్ట పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపి, "వచ్చే నెలైనా ఇందులో అబ్బాయి గురించి కాకుండా, మాత్ర మింగుతున్న మీ గురించి నాలుగు ముక్కలు రాయండమ్మా" అంది.