పదిహేడో ఎక్కం

సుక్కమ్మ వంటింట్లో గిన్నెలు తోముతుంటే, హాల్లో మేడం కూతురు అన్విత పదిహేడో ఎక్కం గడగడా అప్పజెబుతోంది. నెల రోజులు కూర్చుని ఆ ఎక్కం బట్టీపట్టింది మాత్రం సుక్కమ్మ కూతురు రజిత. ఫీజు కట్టలేని పిల్లలు నేర్చుకున్నది తీసి, కట్టగలిగిన పిల్లల తలల్లోకి ఎక్కించడం ఇప్పుడు అన్ని బడుల్లోనూ మామూలే. నేర్చినవాళ్ళకు అది మిగలదు.

నాలుగయింది. కింద రోడ్డు మీద లారీ హారన్ మోగింది. అన్విత ఎక్కం మధ్యలో ఆపి వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, ట్యాంకర్ వచ్చింది. బిందె యాడ పెట్టినవ్?"

సుక్కమ్మ చేతిలో గిన్నె జారింది. కన్నతల్లిని అవ్వా అని పిలిచేది రజిత; అన్విత అయితే పుట్టి బుద్ధెరిగి బిందె ముట్టుకోలేదు.

వెనకే మేడం వచ్చింది. "చదువుతోపాటు ఈ చెత్త కూడా వచ్చేస్తోంది సుక్కమ్మా. రేపు స్కూల్లో చెప్పి తుడిపించేస్తాను."

నిన్న బస్తీలో ట్యాంకర్ హారన్ కొడితే రజిత గడప మీంచి లేవలేదు. "ఆ లారీ ఎందుకొచ్చింది ఆంటీ?" అని సుక్కమ్మనే అడిగింది.

సుక్కమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"జర ఉండనియ్యుండ్రి మేడం. ఇప్పుడు నన్ను అవ్వా అని పిలిచేది గీ పిల్లొక్కతే."