ఇలియాస్ పరుగు

"ఇంకొంచెం పెంచతాండాను. తట్టుకుంటావా ఇలియాస్?" తెర మీంచి చూపు తిప్పకుండా అడిగింది డాక్టర్ గీత.

"పెంచండమ్మా!"

ఛాతీ మీద వైర్లు, ఒక చేతికి బీపీ పట్టీ, ఇంకో చేతికి సూది. పుంగనూరులో దర్జీ పని చేసుకునే ఇలియాస్‌కు కొన్నాళ్లుగా ఎద పట్టేస్తోంది. శ్రమపడితే గుండె ఎట్లా తట్టుకుంటుందో చూడాలని మదనపల్లె ఆసుపత్రికి రమ్మన్నారు. "ఆ పరీక్షలోనే ఏమన్నా అయితే?" అని దారి పొడుగునా భార్య మెహ్‌నాజ్‌ను వేధించాడు.

ఇప్పుడా భయం ఎటు పోయిందో! గుండె దడదడలాడుతోంది. చెవుల్లో హోరు. నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది.

"ఎట్లుండాదప్పా?"

"పరిగెత్తతాండానమ్మా!" ఇలియాస్ పకపకా నవ్వాడు.

కళ్లు మూసుకున్నాడు. బడి గంట కొట్టగానే పిల్లలంతా కేకలేస్తూ దూసుకుపోయే పుంగనూరు వీధి కళ్లకు కట్టింది. ఒక్కొక్కడినీ దాటేశాడు. సంత దాటాడు. అప్పుడే కదిలిన కుప్పం బస్సుతో పందెం వేసుకున్నాడు.

"నెమ్మదిగా పోండి! రొప్పతాండారు," మెహ్‌నాజ్ అతని భుజం పట్టుకుంది.

"ఉండవే, బస్సును దాటేస్తాండా!"

డాక్టర్‌కు కూడా నవ్వాగలేదు. "చాలప్పా. కావాల్సినంత వేగం వచ్చేసింది. ఆపేస్తాం."

"అప్పుడేనా? ఇంకొంచేపమ్మా!"

"వచ్చినోళ్లంతా ఎప్పుడు ఆపతారా అని సూస్తారు. నువ్వేందప్పా!" తెరను ఇంకోసారి పరీక్షగా చూసి ఆమె తల ఊపింది. "నీ గుండె గట్టిగా ఉండాది. రక్తం బాగా పారతాండాది. ఆ నొప్పి కండరాలది, మాత్రలకే తగ్గిపోతాది."

మెహ్‌నాజ్ కొంగుతో తన కళ్లు ఒత్తుకుని, అదే కొంగుతో అతని మొహం తుడిచింది.

"సూసినావా, ఎంత దూరం పోయినానో!"

"సూడకేం? మీ ఎనకాల్నే వచ్చినా కదా."

సిస్టర్ సూది తీసేసింది. "గుండెను పరిగెత్తించిన మందు ఇంకా దిగలేదు, నిదానం," అంది డాక్టర్.

పసితనంలోనే పోలియోకు చచ్చుబడిన అతని కాళ్లను మెహ్‌నాజ్ ఒక్కొక్కటిగా మంచం మీంచి దించింది.